మోకాలు ఖలాస్

మొన్న జగిత్యాలలో నా మేనకోడలు ఫిజియోథెరపీ చదువు పూర్తి చేసింది. ఆమె తోటి పిల్లలు నలుగురు నన్ను కూర్చోబెట్టి, "సార్, గల్ఫ్‌లో హాకీ జట్టుకు ఇరవై ఏళ్లు పనిచేశారట కదా, మాకేమన్నా చెప్పండి" అన్నారు. చీలమండకు పట్టీ ఎలా చుట్టాలో ఏదో వాగి, చాయ్ తాగి వచ్చేశాను. ఇంటికొచ్చాక నా మీద నాకే కోపం వచ్చింది. చెప్పాల్సింది చెప్పకుండా తప్పించుకునే జబ్బు నాకు రిటైరయ్యాక కూడా పోలేదు. అందుకే కూర్చొని రాస్తున్నాను.

నేను పనిచేసింది ఒమాన్‌లో, షినాస్ అనే సముద్రపు ఊళ్లో. అక్కడ చేపల వ్యాపారం చేసే ఒక కంపెనీ సరదా కొద్దీ హాకీ జట్టు నడిపేది. దాని యజమానిని అందరం అర్బాబ్ అనేవాళ్లం. అక్కడ యజమానిని అలాగే పిలుస్తారు. పెద్దాయనకు చేపల మీద లాభం, హాకీ మీద ప్రాణం. నన్ను దుక్తూర్ అని పిలిచేవాడు. నేను డాక్టర్ని కాదు బాబోయ్ అని మొదటి ఏడాది చెప్పి చెప్పి విసిగి ఊరుకున్నాను.

జీతాలు ఎప్పుడు పెరిగాయి, కాగితాలు ఎవరు సంతకం పెట్టారు అనేవి ఇందులో ఉండవు. వాటితో మీకు పనిలేదు.

బూట్లు చూడని ఫిజియో

ముందు ఒక చిన్న తప్పు చెబుతాను, పెద్దది చెప్పడానికి ధైర్యం కావాలి కదా.

చేరిన కొత్తలో ఒడిశా నుంచి వచ్చిన డిఫెండర్ ఒకడు పాదం నొప్పి అన్నాడు. మూడు వారాలు ఐసు పెట్టాను, కరెంటు పెట్టాను, వేళ్లు అరిగేలా రుద్దాను. తగ్గలేదు. ఒకరోజు గది ఊడ్చే బంగ్లాదేశ్ ఆయన చీపురు పక్కన పెట్టి, ఆ బూట్లు చేతిలోకి తీసుకొని, "ఛోటా హై సాబ్" అన్నాడు. కంపెనీ వాళ్లు జట్టంతటికీ ఒకే సైజు పెట్టె తెప్పించారట. వాడి పాదం అందులో ఇరుక్కుని ఏడుస్తోంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంత చదువు చదివి, బూటు విప్పమన్నానే గానీ బూటు వంక చూడలేదు.

ఆ తప్పు తెలియక చేసింది. అలాంటివి మీరూ చేస్తారు, నవ్వుకుంటారు, మర్చిపోతారు. తెలిసి చేసింది వేరు.

షబ్బీర్ ఎడమ మోకాలు

షబ్బీర్ "మాది హైదరాబాదే" అని చెప్పుకునేవాడు గానీ వాళ్లది సికింద్రాబాద్. ఇంట్లో మాట్లాడేది దక్కనీ, నాతో తెలంగాణ తెలుగు. నాకన్నా పదిహేనేళ్లు చిన్న. నన్ను రాజన్నా అనేవాడు, నేను భాయ్ అనేవాణ్ని. అర్బాబ్ అతణ్ని తేవడానికి అంతవరకూ ఆ తీరంలో ఏ ఆటగాడికీ ఇవ్వనంత పెద్ద కాంట్రాక్టు ఇచ్చాడు. సముద్రం కనబడే ఫ్లాటు, కారు, ఏడాదికి రెండు టికెట్లు. మిగతావాళ్లం కంపెనీ రూముల్లో నలుగురేసి ఉండేవాళ్లం.

అంత ఎందుకంటే పెనాల్టీ కార్నర్. ఎదుటి జట్టు తప్పు చేస్తే గోలు ముందు మనకు దొరికే అవకాశం అది. ఒకడు గీత మీంచి బంతి తోస్తాడు, ఇంకొకడు ఆపుతాడు, మూడోవాడు దాన్ని కర్రతో ఈడ్చి గోలులోకి విసురుతాడు. ఆ మూడోవాడు షబ్బీర్. అతను విసిరితే గోలుకీపర్‌కు చప్పుడే తెలిసేది, బంతి కనబడేది కాదు. కానీ ఆ విసురులో ఒంటి బరువంతా ముందుకు చాచిన ఎడమ మోకాలి మీద పడుతుంది. వందల సార్లు, వేల సార్లు, చిన్నప్పటి నుంచీ.

మూడో ఏడాదికి ఆ మోకాలు నా చేతికి దొరికిపోయింది. చిప్ప మీద అరచెయ్యి పెట్టి వంచమంటే లోపల ఇసుక నలిగినట్టు కరకరమనేది. ఆట అయ్యాక నీరు చేరేది. నొప్పి ఉన్న కాలిని మనిషి తెలియకుండానే తక్కువ వాడతాడు, వాడకపోతే తొడ కండ కరుగుతుంది. అందుకే నెలకోసారి మోకాలి చిప్పకు జానెడు పైన టేపు చుట్టి రెండు తొడలూ కొలుస్తాం. ఎడమ తొడ తగ్గుతూ వస్తోంది.

కొలిచేటప్పుడు షబ్బీర్ టేపు వంక చూసేవాడు కాదు, నా మొహం వంక చూసేవాడు. "ఎట్లుందన్నా?" అనేవాడు. ఆ చూపు నేను తట్టుకోలేకపోయాను. ఒకరోజు ఎడమవైపు టేపును ఒక వేలెడు పైకి జరిపాను. తొడ పైకి పోయే కొద్దీ లావు కదా, లెక్క సరిపోయింది. "బాగనే ఉంది భాయ్" అన్నాను. అతని మొహం వెలిగిపోయింది. తర్వాత నెల ఇంకొంచెం పైకి జరిపాను.

రెండేళ్లు అలా జరిపాను. జాలితో చేశానని అనుకునేవాణ్ని. సగం జాలే, అబద్ధం కాదు. మిగతా సగం నా భయం. షబ్బీర్ వచ్చాక అతని కోసమే అర్బాబ్ జట్టుకు ఇంకా ప్రత్యేకంగా ఫిజియోను ఉంచుకున్నాడని నాకు తెలుసు. అతను పోతే నన్నెవడు ఉంచుతాడు?

ఒక్క మాట

మాకు గల్ఫ్‌లో ఖలాస్ అనే మాట లేకుండా రోజు గడవదు. డ్యూటీ ఖలాస్, వంట ఖలాస్, స్నానం ఖలాస్. అయిపోయింది అని. అరబ్బీవాళ్ల మాటే, కానీ మనవాళ్లు దాన్ని మన నోటికి తగ్గట్టు అరగదీశారు. చాలు అన్నా ఖలాసే, సరే అన్నా ఖలాసే. హైదరాబాద్‌లో మనిషి పోయినా ఖలాసే.

ఆ ఏడాది సీజన్ మొదలయ్యే ముందు అర్బాబ్ సలాలాలో ఉన్నాడు. ఎండాకాలం అక్కడ వానలు పడతాయి, ఉన్నవాళ్లంతా అక్కడికే పోతారు. పొద్దున పదింటికి షబ్బీర్ నా బల్ల మీద పడుకుని ఉన్నాడు. మోకాలికి నూనె మాలిష్ అప్పుడే పూర్తి చేసి చేతులు తుడుచుకుంటుంటే ఫోన్ మోగింది. అర్బాబ్. వెనక వాన హోరు. సగం హిందీ, సగం అరబ్బీ.

"దుక్తూర్! షబ్బీర్, రుక్బా?"

రుక్బా అంటే మోకాలు. మోకాలి పని ఎంతవరకు వచ్చిందని అడుగుతున్నాడు అనుకున్నాను.

"రుక్బా ఖలాస్, అర్బాబ్" అన్నాను.

"ఖలాస్?"

"ఖలాస్, ఖలాస్!" అన్నాను గట్టిగా, వానలో వినబడదేమోనని.

లైను తెగిపోయింది. బల్ల మీద షబ్బీర్ పడీపడీ నవ్వుతున్నాడు. "అరే రాజన్నా, ఖలాస్ అయింది నీ మాలిషా, నా మోకాలా?"

"మాలిషే, హౌలా!" అన్నాను నేనూ నవ్వుతూ. మళ్లీ ఫోన్ చేసి ఆ ముక్క అర్బాబ్‌కు చెప్పాలని నాకు తోచనే లేదు.

కప్పు దాటిపోయిన రోజు

మా జట్టులో ఆడే పదకొండుమంది పేర్లు గోడకు అంటించే అలవాటు లేదు. మ్యాచ్‌కు ముందు అర్బాబే స్వయంగా గదిలోకి వస్తాడు. ఎడమ చేతిలో ఖావా, అంటే అరబ్బీ కాఫీ, ఉన్న కూజా, కుడి చేతిలో చిన్న చిన్న పింగాణీ కప్పులు. ఆడేవాళ్లకు ముందు పోస్తాడు, మిగతావాళ్లకు తర్వాత. మొదటి కప్పు నాలుగేళ్లుగా షబ్బీర్‌దే. తలుపు దగ్గర మొదటి కుర్చీ అతనిది.

సీజన్ మొదటి మ్యాచ్‌కు షబ్బీర్ భార్యా, తొమ్మిదేళ్ల కూతురు తబస్సుమ్ విజిట్ వీసా మీద వచ్చారు. ఆ పిల్ల వాళ్ల నాన్న ఆటను ఫోన్లో తప్ప చూడలేదు. ఆ రోజు పొద్దున అతను నాతో, "అన్నా, బిడ్డ ముంగట ఒక్క గోలన్న కొట్టాలె. తర్వాత ఏమైతే అది గానీ" అన్నాడు. "కొడతవ్ భాయ్" అన్నాను. మోకాలికి పట్టీ కట్టింది నేనే.

అర్బాబ్ వచ్చాడు. షబ్బీర్ అలవాటుగా చెయ్యి చాచాడు. అర్బాబ్ ఆ చేతిని దాటి, పక్కన కూర్చున్న హిలాల్‌కు కప్పు ఇచ్చాడు. హిలాల్ సొహార్ నుంచి కొత్తగా వచ్చిన ఆటగాడు, పెనాల్టీ కార్నర్లే కొడతాడు. కప్పు పట్టుకున్నాడు గానీ తాగడానికి భయపడ్డాడు. షబ్బీర్ చెయ్యి అలాగే గాలిలో ఉంది. అర్బాబ్ పదకొండు కప్పులూ పోశాడు. పన్నెండోది తెచ్చి షబ్బీర్ చేతిలో పెట్టి, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు.

షబ్బీర్ ఆ కప్పు వంక చూస్తూ, "తప్పయినట్టుంది. అర్బాబ్‌కు కండ్లు సరిగ్గ కనిపిస్తలేవా ఏంది?" అని నవ్వబోయాడు.

మ్యాచ్ సగమయ్యాక తబస్సుమ్ మెట్లు దిగి బెంచీ దగ్గరికి వచ్చి నా చొక్కా లాగింది. "అంకుల్, మా అబ్బా ఎప్పుడు దిగుతడు?" అంది. పక్కనే షబ్బీర్ కర్ర మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. అతనికి వినబడింది. నేను ఆ పిల్లకు నీళ్ల సీసా ఇచ్చి పంపాను.

మ్యాచ్ అయ్యాక కోచ్ మీద విరుచుకుపడ్డాను. ఆయన లాహోర్ మనిషి, నెమ్మదస్తుడు. "మీకేమన్నా మతి పోయిందా? షబ్బీర్‌ను కూర్చోబెట్టడమేంటి?" అని హిందీలో అరిచాను.

ఆయన నా వంక వింతగా చూశాడు. "డాక్టర్ సాబ్, మీరే కదా అర్బాబ్‌తో మోకాలు అయిపోయిందని చెప్పారు? ఒకసారి కాదు, మూడుసార్లు అన్నారట. ఆయన ఆ రోజే హిలాల్‌తో మాట్లాడాడు."

ఓరి దేవుడా! అక్కడే ఐసు డబ్బా మీద కూర్చుండిపోయాను.

అవునా, కాదా

మర్నాడు పొద్దున్నే అర్బాబ్ ఇంటికి పరుగెత్తాను. మజ్లిస్‌లో, అంటే వాళ్లు అతిథుల్ని కూర్చోబెట్టే గదిలో, ఆయన ఒక్కడే ఖర్జూరాలు తింటున్నాడు. చెప్పులు కూడా సరిగ్గా విడవకుండా మొదలుపెట్టాను. నేనన్నది మాలిష్ ఖలాస్ అని, మోకాలు కాదని, మా వాళ్లం అన్నిటికీ ఆ మాటే వాడతామని, తప్పంతా నాదేనని.

ఆయన ఆసాంతం విన్నాడు. నా చేతిలో ఒక ఖర్జూరం పెట్టాడు.

"మంచిది. అయితే మోకాలు బాగుంది. ఇప్పుడు ఒక్క మాట చెప్పు దుక్తూర్. ఆ మోకాలు అరవై నిమిషాలు ఆగుతుందా? నఅమ్, లా. రెండిట్లో ఒకటి."

అవునా, కాదా. అంతే అడిగాడు. అన్నేళ్లలో నన్ను ఎవరూ అంత సూటిగా అడగలేదు. నోరు తెరిచాను. మాట రాలేదు. ఖర్జూరం చేతిలోనే నలిగిపోయింది.

ఆయన నలిగిన ఖర్జూరం వంక చూశాడు. చివరికి, "కాంట్రాక్టు సీజన్ ఆఖరు దాకా ఉంటుంది. జీతం వస్తుంది, ఇల్లు ఉంటుంది. చోటు మాత్రం హిలాల్‌ది" అని లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, "ఆ రోజు నీ మాట విని నేను పొరబడలేదు" అన్నాడు. కోపంగా కూడా అనలేదు.

టేపు

ఆ సాయంత్రం షబ్బీర్ ఫ్లాటుకు వెళ్లాను. భార్యా కూతురూ కింద బీచిలో ఉన్నారు. అతను బనీనుతో కిటికీ దగ్గర నిలబడి వాళ్లనే చూస్తున్నాడు. ఉన్నదున్నట్టు చెప్పేద్దామని పోయి, మళ్లీ సగమే చెప్పాను.

"భాయ్, ఆ రోజు ఫోన్ల ఖలాస్ అని నేనన్న సూడు, అర్బాబ్ అది నీ మోకాలనుకున్నడు."

అతను ఒక్క క్షణం నమ్మలేనట్టు చూసి గట్టిగా నవ్వేశాడు. "అంతేనా! యా అల్లా, రాతిరంత నిద్ర లేదు నాకు. నేనేం తప్పు జేసిన్నో అని చస్తున్న. లే, నడువు, ఇప్పుడే పోయి చెప్దాం." చొక్కా అందుకున్నాడు. ఒక చెయ్యి తొడిగాడు.

నేను లేవలేదు.

"లేవన్నా."

"పోయిన భాయ్. పొద్దుగాలే పోయి చెప్పిన."

"మరి?"

"అరవై నిమిషాలు ఆగుతదా అని అడిగిండు."

"నువ్వేమన్నవ్?"

నేల వంక చూశాను. రెండో చెయ్యి చొక్కాలో పెట్టకుండానే అతను మెల్లగా సోఫాలో కూర్చున్నాడు. కింద పిల్ల కేకలు వినబడుతున్నాయి.

"ఎప్పటి సంది ఎరుక నీకు?" అన్నాడు.

"రెండేండ్ల సంది."

"నెల నెలా కొలిచినవ్ గదన్నా. బాగనే ఉంది, బాగనే ఉంది అన్నవ్."

అప్పుడు టేపు సంగతి చెప్పాను. అతను తిడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. నేనెవరో గుర్తుపట్టనట్టు చూశాడు. "టేపు ఉందా జేబుల?" అన్నాడు. ఉంది. ఎప్పుడూ ఉంటుంది.

"కొలువు. ఈసారి నీ చెయ్యి జరిగిందంటే మంచిగుండదు."

కొలిచాను. రెండు కాళ్లకూ జానెడే. తేడా అతనే చదివాడు. టేపు మీద రెండు అంకెల మధ్య బొటనవేలూ చూపుడువేలూ పెట్టి, ఆ ఎడాన్ని అలాగే పట్టుకుని నాకు చూపించాడు.

"అప్పుడే చెప్పుంటే ఒక సీజన్ ఆగుదును. కసరత్తు జేద్దును. కండ మళ్ల వచ్చేది గదా? వచ్చేదా రాదా, నిజం చెప్పు."

"వచ్చేది" అన్నాను. చదువుకున్నవాణ్ని, ఆ మాట మాత్రం దాచలేకపోయాను.

"అర్బాబ్‌కు చెప్పినవ్, తెల్వక చెప్పినవ్. మోకాలు నాది గదా రాజన్నా. నాకెందుకు చెప్పలే?"

ఆ సీజనంతా అతను నా బల్ల ఎక్కలేదు. తన పట్టీ తనే కట్టుకున్నాడు. ప్రతి మ్యాచ్‌కూ వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు, ఊళ్లో అందరికన్నా పెద్ద జీతం తీసుకుంటూ, పన్నెండో కప్పు తాగుతూ. సీజన్ ముగిశాక సెలవు చెప్పకుండానే ఇండియా వెళ్లిపోయాడు.

పిల్లలూ, మీకు చెప్పాల్సింది ఇదే. మన చేతికి తెలిసింది మొట్టమొదట ఆ ఒళ్లు ఎవరిదో ఆ మనిషికే చెప్పండి. ఆయన ఏడిస్తే పక్కన కూర్చోండి. తిడితే పడండి. టేపు మాత్రం జరపకండి.

నా బల్ల

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. కానీ నేను రిటైరైన సంగతి చెప్పకపోతే మళ్లీ టేపు జరిపినట్టే.

నాలుగేళ్ల తర్వాత షబ్బీర్ అదే తీరంలో సహం అనే ఊళ్లో ఒక చిన్న జట్టుకు కోచ్‌గా ఒమాన్ వచ్చాడు. మాతో మ్యాచ్‌కని షినాస్ వచ్చిన రోజు తిన్నగా నా గదిలోకి నడిచాడు. గదిలో అప్పటికి రెండు బల్లలున్నాయి. రెండోది కేరళ నుంచి కొత్తగా వచ్చిన ఫిజియోది. దాని ముందు ఐదుగురు ఆటగాళ్లు వరసలో నిలబడ్డారు. నా బల్ల ఖాళీ. కొత్తాయన దగ్గర కొత్త మిషన్లు ఉన్నాయి, కుర్రకారుకు మిషన్ల మీద మోజు అని చెప్పుకునేవాణ్ని.

షబ్బీర్ వరసను చూశాడు, నన్ను చూశాడు. ఏమీ అనకుండా నా బల్ల మీద బోర్లా పడుకున్నాడు. "పిక్క పట్టేసింది, జర చూడన్నా."

ఆ ఒక్క మాటకు నా కడుపు నిండిపోయింది. క్షమించాడు అనుకున్నాను. నూనె రాసి నొక్కడం మొదలుపెట్టాను. రెండు నిమిషాలైందో లేదో అతను లేచి కూర్చున్నాడు. నా కుడిచెయ్యి తీసుకుని బొటనవేలి మొదట్లో నొక్కాడు. కెవ్వుమన్నాను.

"ఇదెప్పటి సంది?"

"ఏం లేదు భాయ్. బాగనే ఉంది" అన్నాను.

అన్నాక ఆ మాట నాకే వినబడింది. అతను నా చెయ్యి వదల్లేదు.

"రాజన్నా, నీ బొటనవేలు ఖలాస్. నీ చేతిల బలం లేదు. పోరగాళ్లందరికీ ఎరుకే, నీకు చెప్పలేక అటు పోయి నిలబడ్తున్నరు."

తలతిప్పి చూశాను. వరసలో ఉన్న ఐదుగురూ నేల వంక చూస్తున్నారు. వాళ్లలో హిలాల్ కూడా ఉన్నాడు. ఎన్నాళ్లుగా నాకు ఇంతమంది కలిసి టేపు జరుపుతున్నారు! కోపం రాలేదు, సిగ్గు కూడా వెంటనే రాలేదు. షబ్బీర్ లేచి పోలేదు. నా పక్కనే బల్ల మీద కూర్చున్నాడు, చెయ్యి అలాగే పట్టుకుని.

ఎడమ చేత్తో ఫోన్ తీసి అర్బాబ్‌కు కలిపాను.

"అర్బాబ్, ఖలాస్" అన్నాను.

షబ్బీర్ సంగతి జరిగాక ఆయన ఆ మాటను ఎవరి నోట విన్నా మళ్లీ అడుగుతాడు.

"ఏది ఖలాస్, దుక్తూర్? పనా, చెయ్యా?"

"చెయ్యి" అన్నాను.